గుండెకు మందు – కండకు పరీక్ష

వేగముగా పరుగెత్తువాని గుండె దిటముగా నుండునని లోకమునకు నమ్మకము. ఈ నమ్మకము చాలవఱకు నిజమే. నిత్యము వ్యాయామము చేయువారికి గుండెజబ్బుల బెడద తక్కువ. అయినను కండల బలము వేఱు, రక్తనాళముల క్షేమము వేఱు. మొదటిది కంటికి కనబడును, రెండవది కనబడదు. ఈ భేదమును చాటిచెప్పిన సంఘటన యొకటి 1984వ సంవత్సరమున అమెరికా దేశమున జరిగెను.

జిమ్ ఫిక్స్ అను నాతడు అమెరికా దేశపు రచయిత. అతని తండ్రికి 35వ యేట గుండెపోటు వచ్చెను. 43వ యేట మరణము సంభవించెను. ఫిక్స్ కూడ ముప్పదియైదేండ్ల వయసు వచ్చువఱకు స్థూలకాయుడై, విపరీతముగా సిగరెట్లు కాల్చుచుండెను. 1967లో అతడు పరుగెత్తుట కారంభించెను. పొగ త్రాగుటయు మానివైచెను. క్రమముగా అతని దేహము తేలికపడెను. 1977లో అతడు పరుగును గూర్చి వ్రాసిన గ్రంథము లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. దానిని చదివి ఎందఱో వీధులలో పరుగెత్తసాగిరి. అట్టివాడు 1984 జూలై 20వ తేదీన వెర్మాంట్ రాష్ట్రమున, నిత్యకృత్యమైన పరుగు కొఱకు వెళ్లి, దారి ప్రక్కన కూలిపోయెను. అప్పటికి అతని వయసు 52 ఏండ్లు. శవపరీక్షలో అతని గుండెకు రక్తము నందించు ధమనులు కొవ్వు పేరుకొని మిక్కిలి ఇఱుకై యున్నట్లు తేలెను.

పరుగే అతనిని చంపినదని కొందఱు హేళన చేసిరి. అది సరికాదు. తండ్రి కంటె తొమ్మిదేండ్లు అధికముగా అతడు జీవించెను. పరుగు అతనికి మేలే చేసియుండును. కాని వంశపారంపర్యముగా వచ్చిన ముప్పును పరుగొక్కటే తొలగింపజాలదని ఆ మరణము తెలిపెను. రక్తములోని కొవ్వును గట్టిగా తగ్గింపగల స్టాటిను మందులు ఆనాటికి ఇంకను వైద్యుల చేతికి రాలేదు. అవి వచ్చిన పిదప మఱియొక సమస్య పుట్టెను. గుండెను కాపాడు ఆ మందు పరుగెత్తువాని కాళ్లను బలహీనపఱచునా? ఈ పాఠములో ఆ మందు పుట్టుకయు, ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు వెదకిన సమాధానమును తెలిసికొందము.

కొలెస్టరాలు అనినంతనే అది విషమని పలువురు తలంతురు. అది పొరపాటు. దేహములోని ప్రతి కణము పైపొరకును కొలెస్టరాలు కావలయును. ఆహారములోని కొవ్వును జీర్ణింపజేయు పైత్యరసమునకును, కొన్ని హార్మోనులకును అదియే మూలపదార్థము. మనకు కావలసిన కొలెస్టరాలులో అధికభాగమును దేహమే తయారు చేసికొనును. ఇందు కాలేయము ముఖ్యమైనది. కొలెస్టరాలు నీటిలో కరుగదు. కావున అది ప్రోటీనులతో కూడిన చిన్న చిన్న రేణువులుగా రక్తములో ప్రయాణము చేయును. వీనిలో ఎల్.డి.ఎల్. అను రకపు రేణువులు మితిమీరినచో, అవి ధమనుల గోడలలో చేరి, ఏండ్ల తరబడి పేరుకొని, రక్తము పోవు దారిని ఇఱుకు చేయును.

కొన్ని కుటుంబములలో ఈ రేణువులు పుట్టుకతోనే అధికముగా నుండును. సుమారు 250 నుండి 300 మందిలో ఒకరికి ఈ లోపము తల్లి నుండియో తండ్రి నుండియో సంక్రమించుచున్నది. అమెరికాలోని డల్లాస్ నగరమున పరిశోధన చేసిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అను వైద్యులు దీనికి కారణమును కనుగొనిరి. కణముల పైభాగమున ఎల్.డి.ఎల్. రేణువులను పట్టి లోనికి చేర్చుకొను గ్రాహకములు కలవు. ఈ కుటుంబములవారికి అవి తక్కువగానో, పనిచేయని స్థితిలోనో యుండును. అందుచే రేణువులు రక్తములోనే నిలిచిపోవును. ఈ పరిశోధనకు వారిరువురికి 1985లో నోబెల్ బహుమానము లభించెను. అట్టి లోపము గలవాడు ఎంత మితముగా తినినను, ఎంత దూరము పరుగెత్తినను, అతని రక్తములోని కొలెస్టరాలు తగినంతగా దిగదు. అట్టివారికి మందు అవసరము.

ఆ మందునకు మూలపురుషుడు అకిరా ఎండో అను జపాను శాస్త్రజ్ఞుడు. ఆయన 1933లో ఉత్తర జపానులోని అకితా ప్రాంతమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. పుట్టగొడుగులను గూర్చియు, బూజులను గూర్చియు ఆయనకు బాల్యమున తాతగారి వలన ఆసక్తి కలిగెను. ఈగలను చంపి మనుష్యులకు హాని చేయని యొక పుట్టగొడుగు ఆ ప్రాంతమున మొలచుచుండెను. అందేమి యున్నదో తెలిసికొనగోరి, పాఠశాలలో చదువు దినములలోనే ఆయన ప్రయోగములు చేసెను. పెన్సిలిన్ కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జీవితము ఆయనకు ఆదర్శమాయెను. 1957లో ఆయన సాంక్యో అను మందుల కంపెనీలో ఉద్యోగమున చేరెను. 1966 మొదలు 1968 వఱకు న్యూయార్కు నగరమున నుండి, అచ్చట గుండెజబ్బుతో బాధపడు వృద్ధులు ఎందఱో యుండుట కన్నులార చూచెను.

స్వదేశమునకు వచ్చిన పిదప ఎండో ఇట్లు ఆలోచించెను. బూజులు చలింపలేవు, శత్రువుల నుండి పాఱిపోలేవు. కావున అవి రసాయనములను సృష్టించి తమ్ము తాము కాపాడుకొనును. కొన్ని సూక్ష్మజీవులు పెరుగుటకు కొలెస్టరాలు వంటి పదార్థములు కావలయును. అట్టి శత్రువులకు ఆ పదార్థము తయారు కాకుండ చేయు రసాయనమును ఏదో యొక బూజు కలిగి యుండకపోదు. దానిని పట్టుకొనినచో మనుష్యుల రక్తములోని కొలెస్టరాలును కూడ తగ్గింపవచ్చును.

ఈ యూహతో 1971లో ఆయన వెదకుట కారంభించెను. రెండేండ్లకు పైగా సుమారు 6,000 సూక్ష్మజీవులను పరీక్షించిరి. తుదకు క్యోటో నగరమున ఒక ధాన్యపు కొట్టులోని బియ్యముపై పెరిగిన నీలియాకుపచ్చని బూజులో కోరిన పదార్థము లభించెను. 1973లో దానిని వేఱుచేసిరి. అదియే మొదటి స్టాటిను. కాని దానిని ఎలుకలకు పెట్టి చూడగా వాని రక్తములో కొలెస్టరాలు ఏ మాత్రమును తగ్గలేదు. ఎందఱో ఆశ వదలుకొనిరి, ఎండో వదలుకొనలేదు. గ్రుడ్డులో కొలెస్టరాలు సమృద్ధిగా నుండును గదా! అట్లయిన గ్రుడ్లు పెట్టు కోడి దేహములో అది మిక్కుటముగా తయారగుచుండవలెనని ఆయన తర్కించెను. 1976లో కోళ్లకు ఆ మందును పెట్టి చూడగా కొలెస్టరాలు బాగుగా దిగెను. పిదప కుక్కలలోను, కోతులలోను అదియే ఫలము కనబడెను.

1978లో ఒసాకా నగరమున అకిరా యమమోతో అను వైద్యుడు, పుట్టుకతోనే కొలెస్టరాలు అత్యధికముగా గల 18 ఏండ్ల యువతికి ఈ మందును ఇచ్చెను. కొలెస్టరాలు దిగెను. కాని కొలది దినములలోనే ఆమెకు కండరముల నీరసము కలిగెను. వైద్యుడు మందును ఆపివేసెను. తరువాత మోతాదు తగ్గించి మరల ఇచ్చెను. ఇట్లు ఈ మందు చరిత్రలో మేలును, కీడును మొదటి రోగి దేహములోనే కలిసి కనబడెను. మందును విడువక, మోతాదును కనిపెట్టుట అనెడి ఆ వైద్యుని మార్గము నేటికిని అనుసరింపదగినది.

కొలెస్టరాలును తగ్గించు మందు కండరమును ఏల తాకవలెను? కృష్ణా గోదావరి డెల్టాలలో ఒక పెద్ద కాలువ నుండి చిన్న కాలువలు చీలి వేర్వేఱు పొలములకు పోవుట మనము ఎఱుగుదుము. తల వద్ద తూము తలుపు దించినచో ఒక్క పొలమునకే గాక, దిగువనున్న పొలములన్నిటికిని నీరు తగ్గును. దేహములో కొలెస్టరాలు తయారగు మార్గము ఇట్టిదే. స్టాటిను ఆ మార్గము మొదట నున్న యొక ఎంజైమును అడ్డగించును. అప్పుడు కాలేయము తనకు కావలసిన కొలెస్టరాలు కొఱకు గ్రాహకములను పెంచి, రక్తములోని రేణువులను లోనికి లాగుకొనును. ఇది మందు చేయు మేలు. కాని అదే మార్గము దిగువన కణములకు శక్తిని సమకూర్చు పనిలో తోడ్పడు కోఎంజైము క్యూ10 వంటి పదార్థములు కూడ తయారగును. తూము దిగుటచే వానికిని కొఱత కలుగవచ్చును. కండరముల నొప్పికి ఇదియొక కారణమై యుండవచ్చునని శాస్త్రజ్ఞుల యూహ. కాని ఇది యింకను పూర్తిగా రుజువు కాలేదు.

1987లో అమెరికా ప్రభుత్వము లోవాస్టాటిన్ అను మందును అనుమతించెను. అదియు ఒక బూజు నుండి పుట్టినదే. 1994లో ఉత్తర ఐరోపా దేశములలో జరిగిన యొక పరిశోధనా ఫలము ప్రకటితమయ్యెను. గుండెజబ్బు గల 4,444 మందిలో సగము మందికి సింవాస్టాటిన్ అను మందును, తక్కినవారికి మందు లేని ఉత్త మాత్రను ఇచ్చిరి. అయిదేండ్లకు పైగా చూడగా, ఉత్త మాత్ర తినినవారిలో 256 మంది, మందు తినినవారిలో 182 మంది మరణించిరి. ఈ లెక్క వైద్యుల సందేహములను చాలవఱకు తీర్చెను. అయితే 2001లో సెరివాస్టాటిన్ అను మఱియొక స్టాటినును బజారు నుండి ఉపసంహరింపవలసి వచ్చెను. దానిని వాడినవారిలో కొందఱికి కండరములు కరిగి, ఆ పదార్థము మూత్రపిండములను చెఱచి, మరణములు సంభవించెను. ఇట్టి తీవ్రమైన హాని నేడు వాడుకలో నున్న స్టాటినుల వలన మిక్కిలి అరుదు. కాని అది యున్నదని ఎఱుగుట అవసరము.

కండరమునకు హాని కలిగినదో లేదో తెలిసికొనుటకు వైద్యులు రక్తములో క్రియేటిన్ కైనేజు అను ఎంజైమును కొలుతురు. ఈ కొలతకు మన తెలుగువారితో సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, కండరములో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము కలదని 1927లో ప్రకటించిరి. పరుగెత్తువాడు ఒక్కసారిగా ముందునకు దూకునప్పుడు కండరమునకు తక్షణము శక్తినిచ్చు నిలువ అదియే. ఆ నిలువను వాడుకలోనికి తెచ్చు ఎంజైమే క్రియేటిన్ కైనేజు. కండరకణము దెబ్బతిన్నప్పుడు అది రక్తములోనికి కాఱును. కాని కఠినమైన పరుగు తరువాత, మందు తినని వారిలో కూడ అది పెరుగును. కావున ఒక్క కొలతను చూచి తీర్పు చెప్పుట తగదు.

ఇక క్రీడాకారుల సంగతి. 2004లో ఆస్ట్రియా దేశపు పరిశోధకులు, వంశపారంపర్యపు కొలెస్టరాలు గల 22 మంది వృత్తి క్రీడాకారులను గూర్చి వ్రాసిరి. ఎనిమిదేండ్లు గమనింపగా, వారిలో ఆఱుగురు మాత్రమే ఏదో యొక స్టాటినును సహింపగలిగిరి. తక్కిన పదునాఱుగురు కండరముల బాధచే మందును విడిచిరి. వీరి చిక్కు ఎంతటిదో ఆలోచింపుడు. మందు తినినచో నేటి పందెము పోవునేమో యని భయము. మానినచో ముందు ముందు గుండెకు ముప్పు. కాళ్లు వెంటనే ఫిర్యాదు చేయును. ధమనులు ఏండ్లకొలది మౌనముగా నుండును. మౌనముగా నున్న దానిని మఱచుట మనుష్యస్వభావము.

2011లో బోస్టన్ నగరపు మారథాన్ పరుగులో పాల్గొన్నవారిని పరీక్షింపగా, స్టాటిను వాడువారి రక్తములో పరుగు పిదప క్రియేటిన్ కైనేజు తక్కినవారి కంటె అధికముగా పెరిగెను. 2013లో మిస్సోరి విశ్వవిద్యాలయమువారు స్థూలకాయులైన 37 మందికి పండ్రెండు వారములు వ్యాయామము చేయించిరి. వ్యాయామము మాత్రమే చేసినవారి దమ్ము నూటికి 10 పాళ్లు పెరుగగా, దానితో పాటు సింవాస్టాటిన్ తినినవారిలో ఒకటిన్నర పాలు మాత్రమే పెరిగెను. ఇవి చూచినచో మందు క్రీడకు శత్రువని తోచును.

కాని అదే సంవత్సరమున వెలువడిన మఱియొక పరిశోధన వేఱు మాట చెప్పెను. అందు 420 మంది ఆరోగ్యవంతులకు ఆఱు నెలలు ఎక్కువ మోతాదులో అటోర్వాస్టాటిన్ గాని ఉత్త మాత్ర గాని ఇచ్చిరి. ఎవరికి ఏది యిచ్చినదియు తినువారికి తెలియనీయలేదు. కండరముల నొప్పి మందు తినినవారిలో 19 మందికిని, ఉత్త మాత్ర తినినవారిలో 10 మందికిని కలిగెను. నొప్పి కొందఱికి నిజమేనని దీని వలన తేలెను. కాని సగటున చూడగా కండల బలములో గాని, పరుగెత్తు శక్తిలో గాని రెండు వర్గములకు భేదము కనబడలేదు. 2023లో నెదర్లాండ్స్ దేశమున, దినమునకు 30 మొదలు 50 కిలోమీటర్ల వఱకు నాలుగు దినములు నడచినవారిని పరీక్షించిరి. స్టాటిను వాడువారికి ఆ నడక వలన కండరముల హాని అధికము కాలేదు.

ఈ ఫలములు ఒకదానికొకటి విరుద్ధములని తోచవచ్చును. కాని నిదానించి చూచినచో ఒక్కొక్కటి వేఱు వేఱు జనులను గూర్చినది. దేహమును కొసవఱకు బిగించి పనిచేయించు వృత్తి క్రీడాకారుని కండరము వేఱు. ప్రతిదినము నడచు సామాన్యుని కండరము వేఱు. మందులలోను, మోతాదులలోను భేదము కలదు. సామాన్యునికి నిరపాయమైనది క్రీడాకారునికి కొంత భారము కావచ్చును. ఒకరి అనుభవమును అందఱికి నియమము చేయరాదు.

మనస్సు చేయు మాయయు ఇందు కలదు. 2020లో లండనులో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, బాధలు కలిగినవని స్టాటినులు మానిన 60 మందిని తీసికొనిరి. వారికి ఒక యేడాది పొడవున, కొన్ని నెలలు మందును, కొన్ని నెలలు ఉత్త మాత్రను ఇచ్చి, కొన్ని నెలలు ఏమియు ఇయ్యలేదు. ప్రతిదినము తమ బాధకు నూటికి ఇన్ని అంకెలని వేయుమనిరి. ఏమియు తినని నెలలలో సగటు 8. ఉత్త మాత్రతో 15.4, మందుతో 16.3. అనగా బాధలో అధికభాగము మాత్ర తినుచున్నాననెడి శంక వలననే కలిగినది! అయినను ఆ బాధ కల్పితము కాదు. వారు నిజముగానే బాధపడిరి. దాని కారణము మాత్రమే వారు తలంచినది కాదు. ఈ సంగతి తెలిసికొనిన పిదప వారిలో సగము మంది మరల మందును తినసాగిరి.

కావున స్టాటిను వాడు క్రీడాకారుడు చేయవలసినదేమి? నొప్పి కలిగినప్పుడు తనంతట తాను మందు మానరాదు. నొప్పిని దాచియు పెట్టరాదు. వైద్యునితో చెప్పవలెను. కొన్ని దినములు విశ్రమించి, పిదప రక్తపరీక్ష చేయించుకొనవలెను. మోతాదు తగ్గించుట, వేఱొక స్టాటినును వాడిచూచుట వైద్యుడు నిర్ణయించును. కండరముల నొప్పితో పాటు మూత్రము ముదురు గోధుమ వర్ణమున వచ్చినచో క్షణమైనను ఆలసింపక వైద్యాలయమునకు పోవలెను. స్టాటినులు ఎంతమాత్రము పడనివారికి నేడు వేఱు దారులును కలవు. 2015 నుండి వాడుకలోనికి వచ్చిన కొన్ని సూదిమందులు ఎల్.డి.ఎల్.ను మిక్కిలి తగ్గించును. 2020లో అమెరికాలో అనుమతి పొందిన బెంపెడాయిక్ ఆమ్లము కాలేయములో మాత్రమే మందుగా మాఱును. కండరములో అట్లు మాఱదు.

మందు కలదు గదా యని వ్యాయామమును విడుచుటయు తగదు. కొలెస్టరాలు అధికముగా గల పదివేల మంది అమెరికా మాజీ సైనికులను సుమారు పదేండ్లు గమనించి, 2013లో ఫలములను ప్రకటించిరి. దేహదార్ఢ్యముతో పాటు స్టాటినును గలవారిలో మరణములు అన్నిటి కంటె తక్కువ. మందు లేకున్నను దేహదార్ఢ్యము గలవారు, మందు తినుచు సోమరులై యున్నవారి కంటె మేలుగా నుండిరి. గుండెకు ఈ రెండును రెండు కాపులు. ఒకటి రెండవదానికి బదులు కాదు.

అకిరా ఎండోకు 2008లో అమెరికాలో లాస్కర్ పురస్కారము లభించెను. ఆయన 2024లో తన 90వ యేట స్వర్గస్థుడయ్యెను. ఆయన వెదకిన బూజు నుండి పుట్టిన మందుల వంశము నేడు లోకమున కోట్లకొలది జనులకు రక్షణ నిచ్చుచున్నది. ఆయన ఎలుకలతో ఆగిపోయిన యెడల ఆ మందు పుట్టకపోయెడిది. ఒసాకా వైద్యుడు నీరసమును చూచి మందును పాఱవైచినను, చూడనట్లు నటించినను, మేలు జరిగియుండెడిది కాదు. ఔషధమును గ్రుడ్డిగా పూజింపక, గ్రుడ్డిగా ద్వేషింపక, కొలిచి చూచి వాడుటయే వివేకము. దేహము చెప్పు మాటను వినవలెను. అది చెప్పని మాటను పరీక్షించి తెలిసికొనవలెను.

ప్రశ్నలు

1. జిమ్ ఫిక్స్ మరణము వలన లోకము నేర్చుకొనవలసిన దేమి?
2. ఎండో ఎలుకలను విడిచి కోళ్లను ఏల పరీక్షించెను?
3. కాలువ తూము ఉపమానమును మీ మాటలలో వివరింపుడు.
4. 22 మంది క్రీడాకారుల పరిశోధనకును, 420 మంది పరిశోధనకును ఫలములలో భేదము ఏల కలిగెను?
5. “కాళ్లు వెంటనే ఫిర్యాదు చేయును, ధమనులు ఏండ్లకొలది మౌనముగా నుండును.” సందర్భమును తెలిపి వ్యాఖ్యానింపుడు.